మూటగట్టలేని అంబలి

మొన్న ఫోనులో మీరిద్దరు మనవలూ నన్ను ఆటపట్టించారు. పోయినసారి మీ ఊరికి వచ్చినప్పుడు, ఆడుకోవడానికి వచ్చిన పక్కింటి పిల్ల చేతిలో లడ్డూ పెడుతూ "ఇంటికాడ ఇంకెవరున్నరు బిడ్డా?" అని అడిగానట. ఆ పిల్ల బెదిరి తల్లి దగ్గరికి పరుగెత్తిందట. నవ్వుకోండి, ఏం పరవాలేదు. కానీ ఆ మాట నా నోటికి ఎట్లా అంటుకుందో మీకెప్పుడూ చెప్పలేదు. ఫోనులో చెబుదామంటే సగంలో మీకు ఏదో పని తగులుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను వికారాబాదులో పుట్టి, నాలుగో తరగతి దాకా చదివి, పెద్దేముల్ పక్క ఊరికి కోడలిగా వచ్చాను. నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. ఊరికి కొత్తగా తెలుగు బడి వచ్చింది. బడికి ఇల్లు లేకపోతే ఊరి పటేలైన మా మామ మన కందుల కొట్టం ఖాళీ చేసి ఇచ్చాడు. అది మన వంటింటి కిటికీకి ఎదురుగానే. తాండూరు నుంచి ఒక సారు సైకిలు మీద వచ్చేవాడు.

కిటికీలోంచి నాకు రోజూ ఒకటే కనిపించేది. పొద్దున ముప్పై మంది కూర్చునేవాళ్ళు. మధ్యాహ్నం గంట కొట్టాక మా వంటి రైతుల పిల్లలు ఇంటికి పోయి తిని వచ్చేవాళ్ళు. బండల గనిలో పనిచేసేవాళ్ళ పిల్లలు, గొర్లు కాసేవాళ్ళ పిల్లలు పోతే మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో తినడానికి ఏమీ లేకపోతే ఏం తిని వస్తారు? అట్లా పోయినవాళ్ళు కొన్నాళ్ళకు పొద్దున కూడా రావడం మానేసేవాళ్ళు.

నేను అత్తతో చెప్పాను, ఈ పిల్లలకు మధ్యాహ్నం రొట్టె పెడదామని. అత్త కోపిష్టి కాదు, కానీ మాట పొదుపు. జొన్నలు చాటలో పోసి నా ముందు పెట్టి, "పిండి నాది, చేతులు నీయి" అంది. అంతే. రోజూ పద్దెనిమిది జొన్నరొట్టెలు, మీద ముద్దపప్పు. మొదటి వారం నా వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆపలేదు.

పలకలు కూడా లేవు వాళ్ళకు. గని దగ్గర పగిలిన పలుచటి బండముక్కలు గుట్టలుగా పడి ఉండేవి. మీ తాతతో చెప్పి ఒక బండెడు తెప్పించాను. అంచులు అరగదీయిస్తే నున్నటి నీలిరంగు పలకలు. సుద్దముక్కతో రాస్తే తెల్లగా కనిపించేది. బరువని పిల్లలు వాటిని ఇంటికి మోసుకుపోయేవాళ్ళు కాదు, గోడకు ఆనించి పోయేవాళ్ళు.

వాళ్ళలో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. తండ్రి లేడు, తల్లి గనిలో రాతిచిప్పలు ఏరేది. ఆ పిల్ల చేతిరాత చూసి సారు కూడా ఆశ్చర్యపోయేవాడు. కానీ మధ్యాహ్నం కాగానే బండ మీద తల పెట్టి నిద్రపోయేది. రొట్టె ఎక్కువై కునుకు వస్తున్నదని సారు నవ్వాడు. నాకు అనుమానం వచ్చి ఒకరోజు దగ్గరుండి చూశాను. అంచు తుంచి నోట్లో వేసుకుని, మిగిలిన రొట్టె పప్పుతో సహా పాతగుడ్డలో చుట్టి ఒళ్ళో దాచుకుంది. ఆమే కాదు, ఇంకో నలుగురైదుగురు అదే పని చేస్తున్నారు.

నాకు మనసు చివుక్కుమంది. మేకలకు వేస్తారేమోనని మా పనిమనిషి అంటే నమ్మాను కూడా. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగకుండానే తెలివి చూపించాను. మర్నాటి నుంచి రొట్టె మానేసి జొన్న అంబలి కాచాను, మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డ తరిగి వేసి. అంబలిని గుడ్డలో మూటగట్టలేరు కదా! ఇక్కడే తాగాలి, వాళ్ళ కడుపులోకే పోవాలి. నా ఉపాయానికి నేనే మురిసిపోయాను.

అందరూ తాగారు. ఆ పిల్ల మాత్రం గిన్నె ముందు పెట్టుకుని అట్లాగే కూర్చుంది. తాగమంటే తల అడ్డంగా ఊపింది. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు సారు, తల్లి దాన్ని గనిలో చిప్పలు ఏరడానికి పెట్టిందనీ, నెలాఖరుకు పేరు కొట్టేయాల్సి వస్తుందనీ చెప్పాడు. ఒకసారి చెయ్యి చిప్పలకు అలవాటు పడితే పిల్లలు బడికి తిరిగిరారని ఊళ్ళో అందరికీ తెలుసు.

మన ఇంటి కోడళ్ళు గని వైపు పోయేవాళ్ళు కాదు. మీ తాత కందులు అమ్మడానికి తాండూరు గంజి బజారుకు పోయాడు. ఆయన వచ్చేదాకా ఆగుదామా అనుకున్నాను. ఆగలేదు. కొంగు తల మీద కప్పుకుని పోయాను.

తల్లి నన్ను చూసి గంప దించింది. బండల నీడలో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఒకతి మూడేళ్ళది. ఇంకొకతి పాకుతున్నది, నోటి నిండా రాతిదుమ్ము. ఆ పిల్ల వాళ్ళ పక్కనే చిప్పలు ఏరుతున్నది. నన్ను చూసి తల ఎత్తలేదు. పిల్లను బడికి ఎందుకు మాన్పించావని తల్లిని అడిగాను.

"మీ అంబలి మస్తుగుంటదట పటేలమ్మా. గని దనుక నడిచొచ్చేటందుకు దానికి కాళ్ళే లేవు" అంది.

నాకు అర్థం కాలేదని గ్రహించి ఆమె గొంతు తగ్గించింది.

"రొట్టె అయితే ముగ్గురు తింటుండిరి. అంబలైతే గిదొక్కతే తాగాలె. చెల్లెండ్లు ఈడ ఏడుస్తుంటె దాని గొంతుల దిగుతదా? నువ్వే చెప్పు."

నేను రొట్టె దాచే చేతులు చూశానే తప్ప ఎవరి కోసం దాస్తున్నారో చూడలేదు. ఇంటికాడ ఇంకెవరున్నరని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. "రేపటి సంది ముగ్గురిని తోలు" అన్నాను.

"పాలు తాగే పోరిని బడికా? సారు కొడ్తడు."

"సారుకు నేను చెప్త. నువ్వు తోలు."

సారు ఒప్పుకోలేదు. పైవాళ్ళు తనిఖీకి వస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. "ఇది బడా, తొట్టెల కొట్టమా అమ్మా?" అని అడిగాడు. తొట్టెల కూడా కడతానని చెప్పి, అప్పుడే నా పాతచీర తెచ్చి కొట్టం దూలానికి కట్టాను. తనిఖీకి ఎవరైనా వస్తే, కొట్టం మాది, తొట్టెల మాది, వచ్చినవాళ్ళను మా ఇంటికి పంపండన్నాను. పిల్లలందరూ చూస్తుండగా సారు హాజరు పుస్తకం మూసి సరేనని తల ఊపాడు.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను, చెల్లెళ్ళు తమ్ముళ్ళు కలిసి ఇంకో తొమ్మిది మంది అవుతారని. అంబలిలో ఇంకో రెండు చెంబుల నీళ్ళు పోస్తే సరిపోతుందేమోనని నేనే అన్నాను. ఆమె చేతిలోని విస్తరాకు కుట్టడం ముగించింది. తర్వాత లేచి జొన్నల గుమ్మి దగ్గరికి పోయింది.

"నీళ్ళు జాస్తి పొయ్యకు, గింజలు జాస్తి పొయ్యి" అంది.

మర్నాడు మధ్యాహ్నం గంట కొట్టేదాకా నేను దారి చూస్తూనే ఉన్నాను. రాలేదు. పిల్లలు వరుసగా కూర్చున్నారు. అంబలి పోయడం మొదలుపెట్టాక గడపలో నీడ పడింది. చంకన ఒకతి, చెయ్యి పట్టుకుని ఒకతి. ఆ పిల్ల లోపలికి రాకుండా నా ముఖంలోకి చూసింది. నేను మూడు గిన్నెలు పెట్టాను.

వచ్చి కూర్చుంది. ముందు చంకలో దానికి వేలితో నాకించింది, ఆ తర్వాత గిన్నె వంచి కొంచెం కొంచెంగా తాగించింది. పక్కదాని మూతి తుడిచింది. రెండూ కడుపు నిండి దుమ్ములో ఆడుకోవడం మొదలుపెట్టాక తన గిన్నె ఎత్తింది. దించకుండా తాగింది. తర్వాత గోడ దగ్గరికి పోయి తన బండపలక వెతికి తెచ్చుకుంది, లంగా అంచుతో దుమ్ము తుడిచింది.

నేను అంబలి సర్వ ఎత్తి పోబోతుంటే వెనక నుంచి చిన్నగా వినిపించింది. అన్ని రోజుల్లో ఆ పిల్ల నోరు తెరిచి నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

"పటేలమ్మా, నాకు ఇంకింత పొయ్యి."