కూతురి కింద వీసా

"...ఇల్లు ఇచ్చేది గొప్పనా, ఇంటికి రానిచ్చేది గొప్పనా? అది చెప్పు ముందు."

"మెల్లగా మాట్లాడు. నూరీ లేస్తాది."

"మెల్లగానే మాట్లాడతాండా. నెలలో సగం రాత్రులు నువ్వు యాడో పరాయి దేశం హోటల్లో పండుకుంటావు. పెద్ద కంపెనీ వాళ్ళు ఈత కొలనుండే ఇల్లిస్తారంట. ఆ కొలన్లో నేనేం చేయాల, కప్పల్ని మేపుకుంటా కూర్చోవాల్నా?"

"కొత్త కంపెనీలో అమ్మకు వీసా రాదు అయాజ్. ఎన్నిసార్లు చెప్పాల?"

"వస్తాది. దారి చెప్పినా కదా."

"అది దారి కాదు. ఆ మాట మా అమ్మ చెవిన పడిందంటే నేను ఊరుకోను."

వెనక రేకుల షెడ్డులో పరుపు కుడుతున్న చాంద్ బేగం చెవిన ఆ దారేమిటన్న ఒక్క మాట తప్ప మిగతావన్నీ పడ్డాయి. ఆమె దబ్బనాన్ని గుడ్డలో గుచ్చి కాసేపు ఆగింది. లోపల కూతురూ అల్లుడూ ఇక మాట్లాడుకోలేదు. ఆమె మళ్ళీ దారం లాగింది.

షాహీనా ఆమెకు ఒక్కతే కూతురు. హైదరాబాదు నుంచి కడపకూ కర్నూలుకూ వచ్చిపోయే చిన్న విమానాల్లో కుడివైపు సీటులో కో-పైలట్‌గా కూర్చుని నడుపుతుంది. అల్లుడు అయాజ్‌ది ఆత్మకూరు. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక బీమా కంపెనీకి పనిచేస్తాడు. ఏడాదిన్నర బిడ్డ నూరీని ఎత్తుకుని ఇద్దరూ నిన్ననే రాజంపేట వచ్చారు. గల్ఫులో ఒకదానితో ఒకటి పోటీపడే రెండు విమాన కంపెనీలు షాహీనాను రమ్మన్నాయి. సోమవారంలోగా ఏదో ఒకదానికి ఒప్పుకోవాలి. వచ్చినప్పటి నుంచీ ఇద్దరూ అదే లెక్కలో ఉన్నారు. ఇల్లెవరిస్తారు, సెలవులెన్ని, బిడ్డ చదువెవరిది, ఏటా ఇంటికి టికెట్లెవరికి, చూపు తగ్గి లైసెన్సు పోతే ఆ తర్వాత ఎవరు చూస్తారు, మధ్యలో మానేస్తే వదులుతారా. పెద్ద కంపెనీ, కొత్త కంపెనీ అని రెండింటికీ ఇంట్లో పేర్లు పెట్టుకున్నారు.

ఈ పోల్చుకోవడం చాంద్ బేగానికి కొత్తేమీ కాదు. రాజంపేటలో పెండ్లి సంబంధం కంటే పనికి పోబోయే కువైటు ఇంటి గురించే ఎక్కువ విచారిస్తారు. ఆ ఇంట్లో పిల్లలెంతమంది? మంచం పట్టిన ముసలివాళ్ళున్నారా? ఎన్ని అంతస్తులు తుడవాలి? పడుకునే గదికి లోపల గడియ ఉందా? ఫోను చేతికిస్తారా? పోయివచ్చిన ఆడవాళ్ళు చెబుతారు, పోబోయేవాళ్ళు గుర్తు పెట్టుకుంటారు. చాంద్ బేగం కూడా అలా విచారించుకునే పోయింది. గడియ ఉందన్నారు. నిజంగానే ఉంది.

అప్పటికి షాహీనాకు నడక వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఊళ్ళోకి ఫోము పరుపులు వచ్చిపడి దూది ఏకే పని పోయింది. భర్త ఖాజా మొహిద్దీన్‌కు ఆ పని పోయినా దగ్గు పోలేదు. ఎన్నో ఏళ్ళు ముక్కులో నోట్లో చేరిన దూదినుసి లోపలెక్కడో పేరుకుందని కడప డాక్టరు చెప్పాడు. బిడ్డను అత్తకు అప్పగించి చాంద్ బేగం మద్రాసు బస్సెక్కింది. కువైటులో ఆమెకిచ్చిన కార్డు మీద ఖద్దామా అని రాశారు. ఇంటి పనిమనిషి అని. కింద యజమాని పేరు. కఫీలు అంటారక్కడ. పనిమనిషి దేశంలో ఉండాలన్నా, దేశం దాటాలన్నా ఆ మనిషే సంతకం పెట్టాలి.

ఆమె కఫీలు చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, జీతం ఆపలేదు. ఖాజా మొహిద్దీన్ చనిపోయాడని ఫోను వచ్చిన రోజు మాత్రం ఆయన ఊళ్ళో లేడు. వేసవికి కొడుకుల దగ్గరికి యూరపు పోయాడు. ఆమె పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది, తాళం ఆయన దగ్గర ఉంది. ఫోనులో ఆయన నిజంగానే బాధపడ్డాడు. తాను తిరిగి రాగానే పంపిస్తానన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న ఆయన ముసలి తల్లికి చాంద్ బేగం రోజూలాగే గంజి కాచి ఇచ్చింది.

ఆయన తిరిగి వచ్చి పంపించాక, కువైటు వదిలి ఆమె ఇల్లు చేరేసరికి షాహీనా నాలుగో తరగతి చదువుతోంది. గడపలో నిలబడ్డ తల్లిని చూసి నాయనమ్మ కొంగు వెనక్కి పోయి, "జేజీ, ఎవరో అత్త వచ్చింది" అంది.

తర్వాత చాంద్ బేగం యాడికీ పోలేదు. వెనక షెడ్డు వేసి, దూది ఏకే మిషను పెట్టి భర్త పనే అందుకుంది. ఎంత ఫోము వచ్చినా పెండ్లికి బూరుగు దూది పరుపే ఇవ్వాలనే ఇళ్ళు ఒంటిమిట్ట దాకా ఉన్నాయి. కువైటు చాంద్ బేగం అని పిలిచిన ఊరే మెల్లగా పరుపుల చాంద్ బేగం అనడం మొదలుపెట్టింది. ఆ పరుపుల మీదా, బ్యాంకు అప్పు మీదా, అత్త అమ్మిచ్చిన చేని మీదా షాహీనా పైలట్ అయింది.

మిట్టమధ్యాహ్నం సుబ్బక్క వచ్చింది. నేతపని చేసే ఇల్లాలు. వచ్చే వారం ఆమె కూతురు పవిత్ర పెండ్లి. చాంద్ బేగం కుడుతున్నది ఆ పరుపే. సుబ్బక్క దాన్ని అరచేత్తో నొక్కి చూసింది.

"ఏంమే చాందూ, బండ మాదిరి ఉండాదే! మా పాప పెండ్లికి కుట్టినావా, అల్లుని నడుము విరగ్గొట్టేదానికి కుట్టినావా?"

"కొత్త దూది అట్లనే ఉంటాది. నాలుగు దినాలు పండుకుంటే దిగుతాది. మీ అల్లుడు పండుకోకుండా తిరిగితే నేనేం జేసేది?"

"నీ నోరు బంగారం గాను!" సుబ్బక్క నవ్వుతూ బస్తా మీద కూలబడింది. "పాప వచ్చిందంటనే. విమానం యాడ పెట్టింది, బస్టాండులోనా?"

"అన్నమయ్య బొమ్మ కాడ కట్టేసింది. మేత వేసి రాపో."

"నువ్వూ పోతాండావంట గదా వాళ్ళెంబడి?"

"ఎవరు చెప్పినారు?"

"నీ అల్లుడే. పొద్దున టీ అంగడి కాడ మా ఆయనతో అన్నాడంట. మా అత్తకు అలవాటైన వీసానే, పనిమనిషి వీసా, తొందరగా వస్తాది అని." సుబ్బక్క గొంతు కొంచెం తగ్గింది. "మా ఆయన సరిగ్గా విన్నాడో లేదోలే."

"సరిగ్గానే విని ఉంటాడు," అంది చాంద్ బేగం. పరుపు అంచు దగ్గరికి లాక్కుని మూలన కుట్టు బిగించింది. సుబ్బక్క తలగడల రంగు గురించి ఏదో అడిగింది. ఆమె బదులు చెప్పింది. ఏం చెప్పిందో సుబ్బక్క పోయాక ఆమెకే గుర్తు లేదు.

వాళ్ళతో పోవాలని ఆమెకు ఉంది. షాహీనాకు మొదటి పన్ను ఎప్పుడు ఊడిందో ఆమెకు తెలియదు. జ్వరం వస్తే ఏ పక్కకు తిరిగి పడుకునేదో తెలియదు. రాత్రి నూరీ ఆమె బొటనవేలు పట్టుకుని నిద్రపోయింది. తెల్లవారాక కూడా ఆ వేలిని ఆమె కాసేపు కదిలించలేదు. పొద్దున్నే మిషను ఎవరికి అప్పజెప్పాలా అని మనసులో వెతుక్కుంది కూడా.

అన్నం దగ్గర ఆ మాట ఆమే ఎత్తింది.

"అయాజూ, నాకు ఏం వీసా చూసినావు?"

షాహీనా చేయి ఆగిపోయింది. మొగుడి వైపు చూసింది. అయాజ్ ముద్ద మింగి నీళ్ళు తాగాడు.

"చెప్పాలనే అనుకుంటాండా అత్తా. కొత్త కంపెనీ ఉండే దేశంలో అమ్మానాయనలకు వీసాలు ఆపేసినారు. మొగుడికి, పిల్లలకి, ఇంటి పనిమనిషికి ఇస్తారు. చుట్టం కాకూడదని యాడా లేదు. నేను కనుక్కున్నా. కాగితం మీద ఒక మాట, అంతే. ఇంట్లో మీరు మీరే కదా!"

"ఆ కాగితం మీద కఫీలని సంతకం పెట్టాల్సింది నేను," అంది షాహీనా. "మా అమ్మను నా పనిమనిషి అని నేను రాయాల. రాయను."

"మరి పెద్ద కంపెనీకి పో. అమ్మ అనే రాస్తారు. బిడ్డ నిన్ను వారానికి రెండు దినాలు చూస్తాది."

"అమ్మ ఉంటాది కదా బిడ్డ కాడ!"

చాంద్ బేగం ఇద్దరికీ పప్పు వడ్డించింది. "పెద్ద కంపెనీలో అయితే రాత్రిళ్ళు రావా పాపా?"

"దూరం పోయే విమానాలమా అవి. పోతే మూడు నాలుగు దినాలు పడతాది."

"కొత్తదాంట్లో?"

"చుట్టుపక్కల దేశాలే. పొద్దున పోతే రాత్రికి ఇంట్లో ఉంటా. కొన్నిసార్లు రాత్రి పోయి తెల్లారి వస్తా. అంతే."

చాంద్ బేగం తల ఊపింది. కువైటు ఇంట్లో యజమాని చిన్న మనవడు ఫహద్ ఆమె కళ్ళ ముందు మెదిలాడు. వాడి తల్లి బ్యాంకులో పెద్ద ఉద్యోగి. మంచి మనిషి. సాయంత్రం ఇంటికి రాగానే పర్సు కూడా పక్కన పెట్టకుండా వాడి కోసం చేతులు చాపేది. వాడు చాంద్ బేగం మెడ గట్టిగా పట్టుకుని మొహం అటు తిప్పుకునేవాడు. ఒకరోజు ఆమె ఎంతో మర్యాదగా, "నువ్వు కొంచెంసేపు వంటింట్లోకి పోతావా? నువ్వు లేకపోతే నా దగ్గరికి వస్తాడేమో" అని అడిగింది. చాంద్ బేగం పోయి తలుపు వెనక నిలబడింది. బిడ్డ ఏడుపు ఆగలేదు. ఆ తల్లి మొహం ఎలా ఉందో తలుపు సందులోంచి కనబడింది. ఆ రాత్రి చాంద్ బేగం లోపల గడియ వేసుకుని, రాజంపేటలో షాహీనా ఎవరి మెడ పట్టుకుని ఉందో అనుకుంటూ పడుకుంది.

"అమా, తినలేదు నువ్వు," అంది షాహీనా.

"తింటా. అయాజూ, నీకేం వీసా ఇస్తారు?"

"నాకా? రెండు కంపెనీలూ ఇస్తాయత్తా. వీసా, టికెట్టు, ఆస్పత్రి అన్నీ. అందులో తేడా ఏం లేదు."

"ఏమని రాస్తారు?"

అయాజ్ కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. "భార్య మీద ఆధారపడినవాడు అని. పని చేయకూడదని కూడా ఉంటాది. ఈ బీమా ఉద్యోగం వాళ్ళు ఆ దేశం నుంచి చేయనియ్యరు. అందుకే పోయిన వెంటనే యాడన్నా చేరి నా సొంత వీసాకు మారిపోతా. దోస్తుతో మాట్లాడినా."

"మారకపోతే?"

"మారకపోతే ఎట్లత్తా? మా ఆత్మకూరోళ్ళు సగం మంది అక్కడే ఉండారు. ఆ కార్డు చూస్తే ఏమనుకుంటారు? పెండ్లాం సంపాదనకు బిడ్డను మోస్తాండాడు అంటారు. మగమనిషికి అదేం మర్యాద!"

"కాగితం మీద మాటే కదా," అంది షాహీనా.

"అదీ ఇదీ ఒకటేనా?"

షాహీనా ఏదో అనబోయింది. తల్లి మజ్జిగ గిన్నె ఆమె ముందుకు జరిపింది. ముగ్గురూ అన్నం ముగించారు. అయాజ్ చేయి కడుక్కుని వాకిట్లోకి పోయి ఫోను పట్టుకుని నిలబడ్డాడు, కానీ ఎవరికీ చేయలేదు.

షాహీనా గిన్నెలు తీస్తూ, "అమా, పెద్ద కంపెనీకే ఒప్పుకుంటా. నువ్వు గౌరవంగా రావాల. నాకు ఇంకో ఆలోచన లేదు," అంది.

"నూరీ నీ దగ్గరికి రాకపోతే?"

"ఎందుకు రాదు?"

చాంద్ బేగం చేయి కడుక్కుని షెడ్డులోకి పోయింది. పవిత్ర పరుపుకు ఇంకా నడిమి కుట్లు వేయాలి. పొడుగాటి దబ్బనాన్ని పైనుంచి దించి, చేయి కిందికి పోనిచ్చి లాగి, మళ్ళీ పైకి గుచ్చాలి. కుట్టు వదులైతే దూది ఒక పక్కకు పోగవుతుంది. ఎండ రేకుల మీది నుంచి దిగేదాకా ఆమె అదే పనిలో ఉంది. మధ్యలో నూరీ నిద్రలేచి తప్పటడుగులు వేసుకుంటూ వచ్చింది. రాలిన దూదిని రెండు గుప్పిళ్ళతో ఎత్తి తల మీద పోసుకుంది. చాంద్ బేగం దగ్గరికి తీసుకుని కనురెప్పల మీది నుసి కొంగుతో తుడిచింది. బిడ్డ ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. ఆమె ఆ చేతుల్ని అలాగే ఉండనిచ్చింది. బిడ్డ తనంతట తాను దిగేదాకా కదల్లేదు.

షాహీనా వాకిలి దాకా వచ్చి, "నూరీ, అమ్మ దగ్గరికి రా" అని చేతులు చాపింది. నూరీ ఒకసారి అవ్వ వైపు చూసి, తర్వాత తల్లి వైపు నడిచింది.

ఆఖరి కుట్టు ముడివేసి చాంద్ బేగం దారం తెంపింది. తొట్టి దగ్గర చేతులు, మొహం కడుక్కుంది. తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని షాహీనా కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. అయాజ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"కొత్త కంపెనీకి ఒప్పుకో పాపా," అంది చాంద్ బేగం. "నువ్వు పనికి పోయినప్పుడు బిడ్డను వాళ్ళ నాయన చూసుకుంటాడు. నేను రాను."