చెరువులో ఎవరూ దిగొద్దు

1985లో నేను చేపల శాఖలో ఫీల్డ్‌మ్యాన్‌ని. వినుకొండ చుట్టుపక్కల చెరువులు నా కింద ఉండేవి. ఫీల్డ్‌మ్యాన్ అంటే పెద్ద ఉద్యోగమేం కాదు. చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, అవి ఎదుగుతున్నాయో లేదో చూసి పైకి రాయడం, అంతే. అప్పటికి ఎనిమిదేళ్ల సర్వీసు. నాకు తెలియని చెరువు లేదని గొప్ప నమ్మకం. నోటి దురుసు కూడా ఎక్కువేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ ఏడు గిరిజన పథకం కింద ఒక ఊరి చెరువును పదమూడు యానాది కుటుంబాల సొసైటీకి ఇచ్చారు. ఊరి పేరు రాయను. అంతకు ముందు దాన్ని ఏటా వేలం వేసేవాళ్లు. యానాదులు చేలల్లో ఎలుకలు పడుతూ, మిరప కల్లాలకు కాపలా ఉంటూ బతికేవాళ్లు. చెరువులో చెయ్యి పెడితే పాటదారు మనుషులు తరిమి కొట్టేవాళ్లు. ఇప్పుడా చెరువే వాళ్లదైంది, కాని ఒక్క ఏడాదికే. వేసవిలో చేపల పంట సరిగా రాకపోతే మళ్లీ వేలానికి పోతుంది.

పిల్లల్ని వదిలే ముందు ప్రిడేటర్స్‌ని, అంటే చిన్న చేపల్ని మింగే చేపల్ని, ఏరేయాలి. లాగుడు వలతో మూడుసార్లు ఈడ్పించాను. నాలుగు వాలుగలు, కాసిని జెల్లలు పడ్డాయి. చెరువు శుభ్రమని పుస్తకంలో రాసేసుకున్నాను.

సొసైటీ పెద్ద చెంచయ్య నా పక్కకొచ్చి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, గోచీ, భుజాన చిన్న బుట్ట.

"అయ్యా, పది దినాలు మమ్మల్ని దిగనియ్యి. తిన్నన్ని తింటాం. ఆనక నీ పిల్లల్ని పోసుకో."

నాకు ఒళ్లు మండింది. "ఇంకా పిల్లలు పడనే లేదు, అప్పుడే తిండి గోలా! వినండి అందరూ. ఇవాళ్టి నుంచి వేసవి దాకా ఈ చెరువులో ఎవరూ దిగొద్దు. చేప జోలికి పోయారంటే సొసైటీ రద్దే!"

చెంచయ్య తన భార్య మంగమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. "సరేనయ్యా. నువ్వు దిగమనేదాకా దిగం" అన్నాడు.

మర్నాడు జీపులో ఫింగర్‌లింగ్స్ వచ్చాయి. వేలెడంత పొడవున్న చేపపిల్లలు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. ఆక్సిజన్ నింపిన సంచుల్ని గట్టు మీంచే కాసేపు నీళ్ల మీద తేల్చి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి వచ్చాక మూతులు విప్పాం. వెండి చిమ్మినట్టు వెళ్లిపోయాయి. ఆ రోజు నా అంత సంతోషపడ్డవాడు లేడు.

నెల తర్వాత మా శాఖ మనుషులతో శాంపిల్ నెట్టింగ్ చేయించాను. ఒక మూల వల వేసి, పడ్డవాటిని బట్టి చెరువంతా అంచనా కట్టడం. ముంతెడు పిల్లలు కూడా రాలేదు. ఇంకో మూల వేయించాను. అంతే. ఇదేం ఖర్మరా బాబూ అనుకున్నాను. చచ్చి తేలితే కనపడాలి, ఒక్కటీ తేలలేదు. గట్టు తెగలేదు. తూముకు కట్టిన జాలీ చెక్కుచెదరలేదు. కొంగలు తిన్నాయనుకుందామంటే అన్ని కొంగలు ఆ మండలంలోనే లేవు. పదిహేను రోజుల తర్వాత చూస్తే ఇంకా తగ్గాయి. నాకేమీ పాలుపోలేదు. అన్నం ముందు కూర్చుని కూడా లెక్కలేసేవాణ్ని.

పాత పాటదారు కిళ్లీ కొట్టు దగ్గర నన్నాపి నవ్వాడు. "ఏం సార్, మీ పిల్లలు ఈపాటికి పులుసులో ఉడికుంటాయి. యానాదోళ్లకి చెరువిచ్చి లెక్కలు చూస్తారేంటండీ?"

ఆ మాట పట్టుకుని తిన్నగా గుడిసెల దగ్గరికి పోయాను. మంగమ్మ పొయ్యి మీద కుండ ఉంది. నన్ను చూడగానే మూకుడు బోర్లించింది. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాను.

"తియ్యి మూత!"

"వద్దయ్యా. నువ్వు చూసేది కాదు."

"తియ్యమన్నానా లేదా?"

తీసింది. చేప కాదు. చేలో పట్టిన ఎలుకలు.

"చేప తినొద్దన్నావుగా" అంది మంగమ్మ. "మా మనవరాలు జరమొచ్చి చేప ముక్క కావాలని ఏడ్చింది. అయినా దిగలా. చెరువు పోద్దని భయం."

సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే పెద్ద చిక్కు, వీళ్లు తినలేదు సరే, మరి పిల్లలేమయ్యాయి?

గుడిసె పక్కన బుట్ట అల్లుతున్న చెంచయ్యనే అడిగాను. అతను లేచి, నాతో చెరువుగట్టు దాకా వచ్చి అక్కడ ఆగిపోయాడు.

"నీ మాట నువ్వు వెనక్కి తీసుకో. అప్పుడు చూపిస్తా."

"తీసుకున్నాను. దిగు."

తుంగ పక్కన నడుంలోతు నీళ్లలో దిగి, పాదాలతో బురద తడుముతూ కదిలాడు. ఒకచోట నిలిచి, మునిగి, రెండు చేతుల్తో మూరెడు కొరమీనును పట్టుకొచ్చాడు. గట్టు మీద పొట్ట కోస్తే లోపల నా శీలావతి పిల్లలు రెండు. ఒకదాని పొలుసు ఇంకా మెరుస్తోంది.

కొరమీను వల వస్తుంటే బురదలోకి దూరుతుంది, వల దాని మీదుగా పోతుంది. పాఠంలో చదివిందే, మూడుసార్లు లాగించాను కదా అన్న ధీమాలో గుర్తు రాలేదు.

"మరి ముందే చెప్పొచ్చుగా చెంచయ్యా!"

"చెప్పాగదయ్యా, పది దినాలు దిగనియ్యమని."

"తినడానికన్నావు!"

"తినడానికే." అతను నన్ను వింతగా చూశాడు. "తినకపోతే అవెట్టా పోతాయి?"

కొరమీనుల పాలిట వీళ్లే గండమైతే, ఆ గండాన్ని గట్టు మీద కూర్చోబెట్టి, చెరువు కాపాడుతున్నానని నేను మురిసిపోయాను. వాళ్లు మాట తప్పే మనుషులైతే నా పిల్లలు బతికేవి!

మర్నాటి నుంచి పదమూడు కుటుంబాలూ దిగాయి. రోజూ కొరమీనులు పట్టాయి, తిన్నాయి, సంతకు పంపాయి. వేసవికి మిగిలిన బొచ్చెలు కొన్నే గాని బాగా బలిశాయి. పంట తగ్గిన కారణం దగ్గర "ఫీల్డ్‌మ్యాన్ పెట్టిన ఆంక్ష వల్ల" అని రాశాను. మా ఆఫీసరు నన్ను ఎగాదిగా చూసి, చివాట్లు పెట్టి, చెరువు ఇంకో ఏడాదికి సొసైటీకే పొడిగించారు. ఆ రాత వల్లనో, సంతకెళ్లిన కొరమీనుల వల్లనో నాకు తెలియదు, ఆయన చెప్పలేదు.

తర్వాత ఏ చెరువుకు వెళ్లినా దాని చేప తిని బతికేవాళ్లెవరో ముందు కనుక్కుని, వాళ్లు చెప్పింది పూర్తిగా విన్నాకే పుస్తకం తెరిచేవాణ్ని.

రెండో ఏడు పిల్లల్ని వదిలే ముందు వెళ్లేసరికి చెంచయ్య గట్టు మీదే నిలబడి ఉన్నాడు.

"దిగమంటావా అయ్యా?"

"నన్నడుగుతావేంటి? చెరువు మీది."

"అయితే నువ్వూ దిగు."

ప్యాంటు మడిచి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో పాదం కింద బురదలో ఏదో బలంగా మెలితిరిగింది. కెవ్వున అరిచాను. గట్టు మీద మంగమ్మ పగలబడి నవ్వింది.

"అదేనయ్యా" అన్నాడు చెంచయ్య. "కాలు తియ్యబాక."

తొమ్మిదేళ్ల సర్వీసులో నేను చెరువులోకి దిగడం అదే మొదటిసారి.