లోపలి గదిలో తెలుగు

తమిళనాడులో పాపిరెడ్డిపట్టి దగ్గరి పల్లెలో కూలి పనులు తగ్గిపోవడంతో సెల్వరాణి, ఆమె భర్త మణికంఠన్ ధర్మపురిలో కట్టడం పనికి కుదిరారు. ఇక కాపురానికి ఇల్లు చూసుకోవాలి. కాళ్ళరిగేలా తిరిగాక, బస్టాండు వెనక వీధిలో ఒక మేడ కింది వాటా సెల్వరాణికి తెగ నచ్చింది. మంచి గాలి, వెలుతురు, గుమ్మం ముందే కొళాయి. ఇంటావిడ వినోదిని నవ్వుతూ తలుపులన్నీ తీసి చూపించింది.

"ఈడే ఉందాము మామా," అంది సెల్వరాణి భర్తతో.

ఆ మాట చెవిన పడగానే వినోదిని నవ్వు మాయమైంది. "తెలుగువాళ్ళా? మీకు ఇవ్వడం కుదరదు," అని తమిళంలో తెగేసి చెప్పింది.

సెల్వరాణి తేరుకునేలోపే లోపలి గదిలోంచి ఒక ముసలి గొంతు వినబడింది. "వినోదినీ, ఎవురే వచ్చినారు? మనోళ్ళ మాట మాదిరి ఉండాది!"

సెల్వరాణి కొయ్యబారిపోయింది. అచ్చం తన ఇంట్లో మాట్లాడే తెలుగే అది.

వినోదిని తల దించుకుంది. "మా యమ్మ," అంది, ఈసారి తెలుగులోనే. "మేము తెలుగోళ్ళమని ఈ వీధిలో ఎవురికీ తెలీదు. మీరు ఈడ ఉంటే ఆయమ్మ మీతో తెలుగులో మాట్లాడకుండా ఉండదు, వీధంతా తెలిసిపోతాది."

సెల్వరాణికి కోపం కూడా రాలేదు. లోపలి గుమ్మం దాకా వెళ్ళి, "పోయొస్తాము అవ్వా," అని మాత్రం అనగలిగింది.

"అప్పుడే పోతారా? కూసోండమ్మా," అని ముసలామె బతిమాలింది.

చివరికి వాళ్ళు ఊరి చివర రేకుల ఇంట్లో దిగారు. సామాను సర్దుతూ సర్దుతూ సెల్వరాణి ఆగిపోయింది.

"కన్నతల్లి మాటకే అంత భయమా మామా?"