మిస్టర్ వెర్నన్ గరాజ్‌లో శనివారాలు

మొన్న మా అమ్మాయి సాహితి సైకిల్ గొలుసు ఊడిపోతే రిపేరు షాపుకు తీసుకెళ్ళాను. షాపులో ఉన్నామె ఒక చిన్న సీసా మూత తీసి, గుడ్డపేలిక తడిపి గొలుసు తుడవడం మొదలుపెట్టింది. కిరసనాయిలూ మగ్గిపోయిన అరటిపండూ కలిసినట్టుండే ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా చేయి దానంతటదే పక్కనున్న పిల్ల భుజాన్ని గట్టిగా పట్టుకుంది. "అమ్మా, వాట్ హ్యాపెండ్?" అంది సాహితి. ఏమీ లేదన్నాను. దానికిప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ వాసన తనకు గుర్తున్నట్టు లేదు. నాకు మాత్రం ఆ వాసనంటే మిస్టర్ వెర్నన్ గరాజే.

ఎనిమిదేళ్ళ కిందట మేం హెర్న్‌డన్‌లో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నేనూ మా ఆయన శ్రీకాంత్ ఇద్దరమూ హెచ్‌వన్ వీసాల మీద ఉన్నాం. ఏ కాగితం ఎప్పుడు తిరిగొస్తుందో తెలియని రోజులు. పోస్టు డబ్బా తెరవాలన్నా గుండె దడ. పక్కింట్లో వెర్నన్ అనే పెద్దాయన ఒక్కరే ఉండేవారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, పొడగరి, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన గళ్ళ చొక్కా. భార్య పోయి చాలా కాలమైంది. కూతురు జూన్ ప్రతి శనివారం తన పాప రూత్‌ను ఆయన దగ్గర దింపి వెళ్ళేది. రూత్, సాహితి ఇద్దరూ ఆరేళ్ళవాళ్ళు. నెల తిరక్కుండానే ఒకరినొకరు వదలని స్నేహితులైపోయారు. పెద్దవాళ్ళను పేరు ముందు మిస్టర్ చేర్చి పిలవడం రూత్‌కు నేర్పారు. రూత్ మా ఆయన్ను 'మిస్టర్ శ్రీకాంత్' అనేది. అది విని సాహితీ, సాహితిని విని నేనూ ఆయన్ను 'మిస్టర్ వెర్నన్' అనే పిలిచేవాళ్ళం.

ఒక శనివారం సాహితిని పిలుద్దామని వెళితే గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల బల్ల మీద పొడుగాటి తుపాకీ. చుట్టూ నలుగురు ముసలివాళ్ళు కాఫీ తాగుతూ నవ్వుకుంటున్నారు. నేను పెరట్లోకి పరుగెత్తి, ఆటలో ఉన్న పిల్లను ఎత్తుకుని, చెప్పులు కూడా వేయకుండా ఇంటికి తెచ్చేశాను. ఆ రోజంతా కిటికీ పరదాలు తీయలేదు. "ఇక్కడ చాలామంది ఇళ్ళల్లో ఉంటాయి, కామన్. నువ్వు ఓవర్‌గా రియాక్ట్ అవ్వకు," అన్నాడు శ్రీకాంత్. అన్నాడే గానీ లేచి తలుపు గడియ ఇంకోసారి చూసొచ్చాడు.

మర్నాడు పొద్దున్న బెల్ మోగింది. గుమ్మంలో మిస్టర్ వెర్నన్, ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో సాహితి చెప్పులు.

"నిన్న మీరు భయపడ్డారు. ఏదో అడగాలనుకుని అడగలేదు. ఇప్పుడు అడగండి," అన్నారు.

నాకు ఇంగ్లీషు మాటలు ఒక్కసారిగా పోయాయి. చివరికి ఎలాగో కూడబలుక్కుని, "అవి తాళం వేసి ఉంటాయా? నా కూతురు మీ ఇంట్లో ఆడుకుంటుంది," అన్నాను. ఆయన మాటల్లో చెప్పలేదు, రమ్మని తీసుకెళ్ళి చూపించారు. మా అమ్మమ్మ బీరువా కన్నా ఎత్తున్న ఇనుప బీరువా, దాని తాళంచెవి ఆయన మెడలోని గొలుసుకు. తూటాలు వేరే గదిలో, వేరే తాళంతో. అంతా చూపించాక, "ఈ వీధిలో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాను. ఈ మాట అడిగింది మీరొక్కరే. థాంక్యూ," అన్నారు. తిట్టినా అంత ఇబ్బందిపడి ఉండను.

అలా నేను ఆ శనివారాలకు అలవాటుపడ్డాను. పిల్లలను కాపలా కాయడానికని వెళ్ళేదాన్ని. టీ ఫ్లాస్కుతో గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ఒక కన్ను బల్ల మీద, ఒక కన్ను పెరట్లో పెట్టి కూర్చునేదాన్ని. ముందే ఆయన ఒక సంగతి చెప్పారు. "మీ వీసా గురించి కనుక్కున్నాను. మీరు వీటిని ముట్టుకోకూడదు. చూడొచ్చు, వినొచ్చు." నాకైతే ముట్టుకునే కోరికే లేదు. కానీ నా కాగితాల సంగతి నేను అడగకుండానే మరో మనిషి పట్టించుకోవడం ఈ దేశంలో నాకదే మొదలు.

ప్రతి శనివారం తమ పాత తుపాకులు తెచ్చి, ఆ అరటిపండు ఘాటున్న నూనెతో తుడుచుకునే ఆ స్నేహితులు తుపాకుల గురించే మాట్లాడతారనుకున్నాను. నిజానికి వాళ్ళు మాట్లాడింది ఇంట్లోవాళ్ళ గురించి. ఒక్కొక్కరు పాత దుప్పటిలో చుట్టి తెచ్చింది బల్ల మీద విప్పి, అది ఎవరి చేతిలో ఎలా ఉండేదో చెప్పేవారు. లొరెయిన్ అనే స్కూలు టీచరమ్మ, రిటైరైంది, వాళ్ళమ్మ కోళ్ళగూట్లో దూరిన పామును నిండు గర్భంతో తుపాకీ పేల్చి ఒక్క దెబ్బకు కొట్టిన కథ చెప్పి, "ఆ కడుపులో ఉన్నది నేనే. అందుకే నాకు చెవులు వినపడవు," అనేది. అందరూ ఎన్నోసారైనా నవ్వేవారు. తుపాకీ ఎవరిదైనా బల్ల మీద పెట్టేముందు, తూటా ఉండే చోటును మూసే బోల్టును వెనక్కి లాగి, లోపల ఖాళీగా ఉందని పక్కవాళ్ళకు చూపించాలి. అక్కడ ఉన్నంతసేపూ బోల్టు తెరిచే ఉండాలి. ఎవరికి ఏ తేడా కనిపించినా 'ఆగండి' అనాలి. చిన్నపిల్ల అన్నా సరే, పెద్దవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. అది ఆ గరాజ్ నియమం.

ఆ నియమం ఎందుకో మిస్టర్ వెర్నన్ ఒకే ఒకసారి చెప్పారు. ఆ రోజు వాన, మిగతావాళ్ళెవరూ రాలేదు. బల్ల మీద వాళ్ళ నాన్నది, ఒక్క తూటా మాత్రమే పట్టే పాత రైఫిల్. చెక్క పిడి అరచేతి రాపిడికి నల్లబడి ఉంది. ఆయనకు పదమూడేళ్ళప్పుడు తండ్రీకొడుకులు ఉడతల వేటకు వెళ్ళారట. తండ్రి ముళ్ళకంచె దాటబోతూ రైఫిల్‌ను అవతలికి జారవిడుస్తున్నాడు. బోల్టు మూసి ఉండడం కొడుకు చూశాడు.

"చూశాను గానీ చెప్పలేదు. మా నాన్న తప్పు పడితే ఊరుకునే మనిషి కాదు," అన్నారు. రైఫిల్ పేలి, తూటా తండ్రి మోకాలిని చీల్చుకుపోయింది. ఆయన బతికాడు, కానీ ఆ కాలు ఇక వంగలేదు. ఆసుపత్రిలో మంచం మీద నుంచి కొడుకును అడిగాడట, నువ్వు చూశావా అని. "లేదన్నాను. ఆయన పోయేదాకా అదే చెప్పాను," అంటూ మిస్టర్ వెర్నన్ రైఫిల్‌ను గుడ్డతో తుడుస్తూనే ఉన్నారు. కప్పులో టీ పోసి ఆయన ముందు పెట్టాను.

రెండేళ్ళు గడిచాయి. ఆ శరదృతువులో ఆయన చెప్పిన కథే అదే గంటలో మళ్ళీ చెప్పడం గమనించాను. లొరెయిన్‌ను రెండుసార్లు తన భార్య పేరుతో పిలిచారు. ఆమె ఆ పేరుకే పలికింది. వయసు కదా అని నేనూ ఊరుకున్నాను.

నవంబరులో ఒక శనివారం, జూన్ ఇంకా రూత్‌ను తీసుకురాలేదు. పులిహోర డబ్బాతో సాహితిని వెంటబెట్టుకుని వెళ్ళాను. మిస్టర్ వెర్నన్ కాఫీ కలుపుతున్నారు. బల్ల మీద వాళ్ళ నాన్న రైఫిల్ ఉంది. బోల్టు మూసి ఉంది.

గుమ్మంలోనే ఆగిపోయాను. ముట్టుకోకూడదు. ఊరుకోకూడదు. ఆయన పెద్దవారు, ఇల్లు ఆయనది, పుట్టినప్పటి నుంచి వీటి మధ్య బతికిన మనిషి. నేనెవరిని? నా పక్కనుంచి సాహితి బల్ల మీది బిస్కెట్ల కోసం ముందుకు కదిలింది.

"ఆగండి, మిస్టర్ వెర్నన్." నా గొంతు నాకే వినిపించలేదు. సాహితిని బయటికి నెట్టి మళ్ళీ అన్నాను. "ఆగండి. బోల్టు మూసి ఉంది."

ఆయన తిరిగారు. ఆ ముఖం నేనెన్నడూ చూడనిది. "అది ఖాళీది. రాత్రి నేనే చూసి పెట్టాను," అన్నారు.

"తెరిచి చూడండి."

"మాధవీ, నాకు నేర్పుతున్నారా?"

"తెరిచి చూడండి, ప్లీజ్." నా కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అవమానంతోనో భయంతోనో తెలియదు.

ఆయన విసురుగా వచ్చి, గొట్టాన్ని గోడవైపు తిప్పి, బోల్టు లాగారు. ఇత్తడి తూటా ఒకటి బయటికొచ్చి సిమెంటు నేల మీద దొర్లింది.

ఆయన వంగి దాన్ని ఏరి చేతిలోకి తీసుకున్నారు. తర్వాత మెడలోంచి తాళంచెవి గొలుసు తీసి బల్ల మీద పెట్టి, "జూన్‌కు ఫోన్ చేయండి. నన్ను చేయమంటే రేపు చేస్తానంటాను," అన్నారు.

జూన్ వచ్చింది, లొరెయిన్ కూడా వచ్చింది. చీకటి పడేలోగా బీరువా ఖాళీ అయింది. ఒక్కొక్కటి బయటికి వెళుతుంటే అది ఎవరిదో ఆయన చెప్పారు, జూన్ చీటీ మీద రాసి దారంతో కట్టింది. నేను మా కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత ఆరు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. గరాజ్ తలుపు ఎత్తలేదు. ఒక మనిషి బతుకులో మిగిలిన ఒక్క సరదా నేను లాగేసుకున్నానని ఎంత కుమిలిపోయానో. "నువ్వు చేసింది కరెక్టే," అనేవాడు శ్రీకాంత్. ఆ మాట నాకు ఊరటనివ్వలేదు.

జనవరిలో బెల్ మోగింది. అదే గళ్ళ చొక్కా, ఈసారి ఒక గుండీ తప్పు కాజాలో. "నాకు కోపం వచ్చింది. పోవడానికి ఇంతకాలం పట్టింది," అన్నారు. ఇంకేదో అనబోయి, మర్చిపోయి, నా చేయి పట్టుకుని అలాగే నిలబడ్డారు. వేసవికి జూన్ ఆయన్ను తన ఇంటికి తీసుకెళ్ళింది. మరుసటి ఏడాది పోయారు. చివరి నెలల్లో ఆయనకు నా పేరు గుర్తులేదు గానీ, నేను వెళితే పక్కన కుర్చీ చూపించేవారని జూన్ అందరికీ చెప్పేది.

ఆయన వల్ల నా భయం తగ్గలేదు. భయంతోనే నోరు తెరవడం మాత్రం వచ్చింది. సాహితిని ఎవరింటికి పంపినా ముందు ఫోన్ చేస్తాను. కొందరు నవ్వుతారు, ఇద్దరు మళ్ళీ పిలవలేదు. మా అమ్మాయికి సిగ్గుగా ఉంటుంది. గత వారం కూడా, కొత్తగా పరిచయమైన లావణ్య గారింట్లో సాహితి రెండు రోజులు ఉండాల్సి వస్తే, నంబరు రెండుసార్లు నొక్కి చెరిపేశాక మూడోసారి ఫోన్ చేశాను.

"లావణ్య గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో గన్ ఉందా? ఉంటే లాక్ చేసి ఉంటుందా?"

"అలా అడిగారేంటండీ?"

"ఎవరినైనా అడుగుతానండీ."

"ఉంది. మా ఆయన లాస్ట్ ఇయర్ కొన్నారు, సేఫ్టీకని. లాక్ చేసే ఉంటుంది." గొంతు తగ్గించింది. "అంటే, చేసే ఉంటుందనుకుంటా. నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఒక్క నిమిషం లైన్‌లో ఉంటారా?"

ఉంటానన్నాను. ఆమె మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది, మొదట మెల్లగా, తర్వాత వేగంగా.