నీళ్ళు నిలవకూడని కట్ట

మా గల్లీ వెనక ఖాడీకి అడ్డంగా ఒక చిన్న మట్టికట్ట ఉంది. వాన నీళ్ళు పారే వాగును సూరత్‌లో ఖాడీ అంటారు. సాంచాల షెడ్లు, అంటే మరమగ్గాల షెడ్లు, సూరత్ నుంచి కిమ్ పట్నం వైపు మారినప్పుడు వాటి వెంట మేమూ వచ్చి ఆ కట్ట దిగువన ఇళ్ళు తీసుకున్నాం. అందరం మరమగ్గాలు నడిపేవాళ్ళమే, అందరం ఉత్తర తెలంగాణ పల్లెలవాళ్ళమే. కట్టను చూడగానే మా వాళ్ళు దాన్ని చెరువు అన్నారు. సగం అనర్థం ఆ మాటతోనే మొదలైంది.

అది చెరువు కాదు. కట్ట కట్టించిన ఇంజనీరు హిందీలో చెప్పిన సంగతులను గల్లీకి తెలుగులో చెప్పింది నేనే. చెరువు కట్ట నీళ్ళు దాచుకోవడానికి. ఈ కట్ట ఖాళీగా ఉండటానికి. పెద్ద వాన పడ్డప్పుడు వరదను పట్టి ఆపి, అడుగున ఉన్న తూము గుండా మెల్లగా వదులుతుంది. ముందే నిండి ఉంటే వచ్చే వరదకు చోటుండదు. నీళ్ళు పైనుంచి పొర్లితే మట్టి కోసుకుపోతుంది. ఆ తర్వాత ఉన్నవి మా ఇళ్ళే.

ఇదంతా విని ఒక పెద్దాయన, "నీళ్ళు లేని చెరువేందిరా? పిల్ల లేని పెండ్లి లెక్క!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అప్పటినుంచి కట్టను చూసుకునే సర్కారు ఆఫీసుకు అర్జీలు పెడుతూనే ఉన్నాను. కట్ట మీద మొలిచిన తుమ్మచెట్ల మీద ఒకటి, పందికొక్కుల బొక్కల మీద ఒకటి, తూముకు అడ్డుపడే చెత్త మీద మూడు. గల్లీలో నా పేరు అర్జీల మామ. నాతో పాటు సంతకం పెట్టినవాడు ఒక్కడే, నా భార్య తమ్ముడు. ఊళ్ళో ఖాళీగా తిరుగుతుంటే తీసుకొచ్చి, నా పక్కన నిలబెట్టి సాంచా నేర్పాను. తెగిన పోగుకు ముడి వేయడం కూడా నా దగ్గరే నేర్చుకున్నాడు. వాడు నా మనిషి అనుకున్నాను.

ఆ ఏడు బతుకమ్మ పండుగ రోజుల్లో కూడా వానలు వదల్లేదు. మూడోనాడు కట్ట ఎక్కి చూస్తే లోపల ఛాతీలోతు నీళ్ళు. తూము అవతలి మూతి మాత్రం ఎండిపోయి ఉంది. బామ్మర్దికి చెప్పాను.

"చెత్త అడ్డం పడ్డదేమో బావా. నేను సూస్త గని, నువ్వు డ్యూటీకి పో."

పోయాను. ఆఫీసుకు ఫోను కూడా చేశాను. వాళ్ళ మనిషి వచ్చేసరికి నేను షిఫ్టులో ఉన్నాను. బామ్మర్ది ఎదురుపోయి, అంతా ఠీక్ ఉందని, మా బావకు కంప్లైంట్ల రోగమని చెప్పి పంపేశాడు. ఇది నాకు తర్వాత తెలిసింది.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ పొద్దున వాన దంచింది. కట్ట దిగువకు పోయి చూస్తే అరచేతి వెడల్పున నీళ్ళు ఊరుతున్నాయి, చాయ్ రంగులో. మా ఊళ్ళో చెరువు తూము చూసుకునే నీరటి చెప్పేవాడు: తేట నీళ్ళు ఊరితే కట్టకు చెమట పట్టినట్టు, బురద నీళ్ళు ఊరితే కట్ట లోపల కరుగుతున్నట్టు. గల్లీలోకి పరుగెత్తాను.

"మామా, మత్తడి దుంకుతదా?" అని ఒకడు సంబరంగా అడిగాడు. మా పల్లెల్లో చెరువు నిండి అలుగు పారితే పండుగే.

"దుంకితే నీ ఇంట్లకే దుంకుతది!" అన్నాను.

"జర సల్లవడు బావా," అన్నాడు బామ్మర్ది. "పండుగనాడు గిట్ల అపశకునం మాట్లాడతవేంది?"

మళ్ళీ ఆఫీసుకు ఫోను చేసి, బురద ఊరుతోందని చెప్పాను. మధ్యాహ్నానికి జేసీబీతో ఒక అధికారి వచ్చాడు. కట్ట మీద నిలబడి తూము మూతి దగ్గర తోడితే సంచి తర్వాత సంచి పైకొచ్చాయి. అన్నీ మా షెడ్డులో దారం చెత్త నింపే సంచులు. వాటి మూతికట్లు చూశాను. నేను ఎడమచేతివాణ్ణి, నా ముడి ఎడమకు తిరుగుతుంది. ఆ ముడి నా దగ్గర నేర్చుకున్నవాడు ఒక్కడే.

"కిస్‌నే డాలా యే?" అని, ఇవి ఎవరు వేశారని అధికారి అడిగాడు. గల్లీ జనం అంతా చుట్టూ చేరారు. నేను బామ్మర్దిని వేలెత్తి చూపించాను.

"పొద్దుందాక కట్ట మీద తిరిగేది నువ్వు," అన్నాడు బామ్మర్ది, నా కళ్ళలోకి చూస్తూనే. "నాకేం తెల్సు?"

వెనకనుంచి ఒకడు, "అర్జీ రాస్తానికి మామనే ఏసుకున్నడేమో!" అన్నాడు. తెలుగు రాని అధికారి కూడా ఆ నవ్వుల్లో కలిశాడు. ఫిర్యాదు రాసి, సాక్షి సంతకంతో ఇవ్వమని చెప్పి వెళ్ళిపోయాడు.

నీళ్ళు దిగాయి. ఊట ఆగింది. ఇంటికి పోయేసరికి నా భార్య బంతిపూలతో బతుకమ్మను పేరుస్తోంది. ఫిర్యాదు రాసి, సాక్షి సంతకానికి ఆ కాగితం ఆమె ముందు పెట్టాను.

"నీ తమ్ముని పనే. నీకు తెల్సా?"

"తెల్సు. గల్లీ ఆడోల్లందరికి తెల్సు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తూము తీస్తవు, బతుకమ్మను ఏసెటందుకు నీళ్ళుండయి. పోయినేడు బతుకమ్మను ప్లాస్టిక్ టబ్బుల ఏసినం, యాదున్నదా? గిన్ని అర్జీలు రాస్తివి. ఆడోల్లకు నీళ్ళేడ అని ఒక్కటన్న రాసినవా?"

కాగితం మీద పడ్డ పూరేకులు దులిపి, సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చింది. ఆ సాయంత్రం కూడా టబ్బులే తెచ్చుకున్నారు. ఆట అయ్యాక బామ్మర్ది మా ఇంట్లోనే కూర్చుని సద్దులు తిన్నాడు. నేను తినలేదు.

మరునాడు సాక్షి అన్నచోట కూడా నా పేరే రాసి ఆఫీసుకు పట్టుకుపోయాను. ఫిర్యాదుదారే సాక్షి అయితే చెల్లదన్నాడు గుమాస్తా. చెల్లకపోతే పారెయ్యమని బల్ల మీద పెట్టాను. దాని కింద ఇంకో అర్జీ పెట్టాను: బతుకమ్మలు వేయడానికి గల్లీకి ఒక నీళ్ళ తొట్టి కట్టించాలని. అది ఆమె కోసం రాసింది కాదు. తూమును మళ్ళీ ఎవరూ మూయకుండా ఉండాలంటే నాకు ఇంకో దారి తోచలేదు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. వాళ్ళు నాకు చెప్పారా?