తప్పంతా మా బావదే

లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పేసుకునే మనిషి మా బావ. బావంటే మా అక్క మొగుడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. బస్సులో ఎవరైనా ఆయన కాలు తొక్కితే, "అయ్యయ్యో, తప్పు నాదేనండి, కాలు అక్కడ పెట్టాను" అంటాడు. తొక్కినవాడు కూడా, "ఇకమీదట చూసి పెట్టుకోండి" అని మందలించి మరీ దిగిపోతాడు.

ఒకసారి ఓ లావుపాటి ప్లీడరు లిఫ్టులో గంటసేపు ఇరుక్కుపోయాడు. అది బావ చూసే లిఫ్టు కూడా కాదు. దారినపోతూ కేకలు విని లోపలికెళ్ళాడంతే. తలుపు తీసి, ఆయన్ని చెయ్యి పట్టి పైకి లాగి, "తప్పు నాదేనండి" అన్నాడు. ప్లీడరు చొక్కా సర్దుకుని, "అయితే మీ మీదే కేసు వేస్తాను" అన్నాడు. "వేయండి, పాపం. రాసుకోడానికి కాగితం ఇమ్మంటారా?" అన్నాడు మా బావ.

ఈ గుణం చూస్తే అక్కకి ఒళ్ళు మంట. కూరలో ఉప్పెక్కువైందని నేనంటే, "తప్పు నాదేరా, ఆ ఉప్పు కొనుక్కొచ్చింది నేనేగా" అనేవాడు. "ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా నాతో తిన్నగా పోట్లాడారా మీరు?" అని అక్క ఏడ్చినంత పని చేసేది. "లేదు. తప్పు నాదే" అనేవాడు.

అలాంటి మనిషికి రాకూడని చిక్కొచ్చిపడింది. మేముంటున్నది పుట్టిన దేశం కాదు. ఇక్కడ బావకి శాశ్వత నివాస హోదా ఉండేది. ఏడాదికి మించి బయట ఉండిపోతే అది పోతుంది. పుట్టిన దేశంలో ఉన్న తన అక్కని చూసొస్తానని నెల రోజులకని వెళ్ళిన బావ, రెండేళ్ళ నాలుగు నెలలకి తిరిగొచ్చాడు. ఆయన అక్కడ దిగేసరికి ఆవిడ కాలు విరిగి మంచం మీద ఉంది. చూసే దిక్కు లేదు. రెండు ఆపరేషన్లయి, ఆవిడ తనంతట తను వంటింట్లోకి నడిచేదాకా ఈయన కదల్లేదు.

రావడమైతే వచ్చాడు గానీ, తొంభై రోజుల సందర్శకుడిగా వచ్చాడు. తన ఇంటికి తనే చుట్టం! ఉద్యోగంలో చేరడానికి లేదు. హోదా తిరిగి ఇమ్మని అర్జీ పెట్టాం. ఇవ్వకపోతే తొంభయ్యో రోజున పెట్టె సర్దుకోవాల్సిందే. అక్క సెలవుపెట్టి ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలు పోగేసింది. చివరికి విచారణకి పిలుపొచ్చింది. ఆలస్యం తన చేతుల్లో లేని కారణం వల్ల జరిగిందని బావ రుజువు చేసుకోవాలట. అంటే, తప్పు నాది కాదు అని నోరు తెరిచి చెప్పాలి. ఆ మాట వినగానే మాకు గుండెల్లో రాయి పడింది.

వారం రోజులు ఇంట్లో తర్ఫీదు ఇచ్చాం. నేను అధికారిని.

"ఎందుకండీ ఇంత ఆలస్యం?"

"మా అక్క కాలు విరిగిందండి."

"భేష్ బావా!"

"విరగ్గొట్టింది నేనేనండి."

"అదేంటి!"

"నేనొస్తున్నానని దుప్పటి దించడానికి స్టూలెక్కిందిరా పాపం. నేను వెళ్ళకపోతే ఎక్కేదా చెప్పు?"

అక్క నెత్తి బాదుకుంది.

విచారణ రోజున ముగ్గురం వెళ్ళాం. అధికారి నడివయసావిడ, ముక్కు చివర కళ్ళజోడు. ఒక కుర్చీ తక్కువైంది. "తప్పు నాదేనండి, ముగ్గురం వచ్చాం" అని బావ మొదలెట్టేశాడు. అక్క కళ్ళు ఉరిమి చూసింది. అదృష్టం బాగుండి ఆసుపత్రి కాగితాలు బావ కంటే బాగా మాట్లాడాయి. అధికారి అన్నీ చదివి తలూపింది.

"ఇదంతా సరే. ఏడాది దాటకముందే మీ ఇంటికి ఒక ఫారం పంపాం. అది నింపి పంపితే ఈ గొడవే ఉండేది కాదు. అందలేదా?"

ఆ ఫారం అందింది. బావ లేనన్నాళ్ళూ ఇంటికొచ్చే ఉత్తరాలు చూసే పని నాది. నేనదేదో ప్రకటన కాగితమనుకుని, కవరైనా చింపకుండా నాలుగు మడతలు పెట్టి, ఊగిపోతున్న వాషింగ్ మెషీన్ కాలికింద దోపాను. బావ తిరిగొచ్చిన మూడో రోజే మెషీన్ జరిపి చూశాడు. ఆ కవరు పట్టుకుని నా గదిలోకొచ్చి, "తప్పు నాదేరా. ఆ కాలు నేనే సరిచేసి వెళ్ళాల్సింది" అన్నాడు. అక్కతో ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆఫీసుల్లో ఆ ఫారం సంగతి విన్న అక్క, అది అసలు ఇంటికే రాలేదనుకుని అప్పట్నుంచీ పోస్టాఫీసుని తిడుతూనే ఉంది.

"అందిందండి" అన్నాడు బావ. "నేనే పోగొట్టాను. తప్పు నాదే."

"మీరసలు ఇక్కడ లేరుగా?"

"లేకపోవడం కూడా నా తప్పేనండి."

అధికారి కలం కింద పెట్టింది. "అందిన ఫారాన్ని మీరే పోగొట్టుకుంటే నేను చేయగలిగిందేమీ లేదు."

అక్క మొహం పాలిపోయింది. అంతవరకూ తప్పు నాదే అన్నది బావకి ఊతపదం అనుకున్నాను నేను. ఇప్పుడు చూస్తే, ఉద్యోగం, ఇల్లు, పెళ్ళాం పక్కన బతికే హక్కు అన్నీ వదులుకుని నన్ను కాపాడుతున్నాడు! సిగ్గుతో చచ్చిపోయాను.

"మేడమ్, ఆయన అబద్ధం చెబుతున్నాడు. ఆ ఫారాన్ని వాషింగ్ మెషీన్ కింద దోపింది నేను" అన్నాను.

అక్క మెల్లగా నా వైపు తిరిగింది. అధికారి కళ్ళజోడు పైకి తోసుకుంది.

"మెషీన్ ఊగడం ఆగిందా?"

"ఆగిందండి."

"అదే రాసి సంతకం పెట్టండి."

కాగితం ముందుకు లాక్కుని, నా నిర్లక్ష్యం వల్ల అని మొదలుపెట్టాను. బావ భుజం మీంచి తొంగిచూసి, "నిర్లక్ష్యం పెద్ద మాటరా. పొరపాటు అని రాయి" అన్నాడు.

"అయ్యా, మీరు రెండు నిమిషాలు నోరు మూసుకుంటే మీ హోదా మీకిచ్చేస్తాను" అంది అధికారి. బావ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆవిడ నవ్వాపుకుంటూ ముద్ర వేసింది.

బయటికొచ్చాక అక్క మా ఇద్దరితోనూ మాట్లాడకుండా నాలుగడుగుల ముందు నడుస్తోంది. నేను బావ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఎందుకు బావా అలా చెప్పావు? వాళ్ళు కాదంటే ఏమయ్యేవాడివి?"

"వాళ్ళు కాదంటే మళ్ళీ అర్జీ పెట్టుకుంటానురా. మీ అక్క నిన్ను కాదంటే నువ్వెక్కడ పెట్టుకుంటావు?"

ముందు నడుస్తున్న అక్క ఆగింది. వెనక్కి తిరక్కుండానే, "అర్జీ నాకే పెట్టుకోమనండి. తొంభై రోజుల్లో చూస్తాను" అంది.