తెల్ల పడుగు, వెల్డింగ్ ఇంజను

మా మామగారు నగరిలో నేతపని చేసేవారు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే "తగ్గిపోతాదిలే" అనేవారు. మగ్గం మీద పోగు తెగిందంటే మాత్రం తినే అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. ఈ విషయంలో ఆయన మీద నాకున్న కోపం ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది.

ముందు గదిలో పవర్‌లూమ్ పెట్టాలని మా ఆయన పట్టుబట్టిన ఏడాది సంగతి ఇది. మామగారు మాత్రం వెనక వసారాలో తన చేతిమగ్గాన్ని వదల్లేదు. పవర్‌లూమ్ కదలకుండా దాని కాళ్ళను నేలలో పాతిన ఇనపపట్టీలకు వెల్డింగ్ చేయాలి. మా వీధి కరెంటు ఫ్యాన్లు తిప్పడానికే మూలిగేది. అందుకని పుత్తూరు నుంచి పెట్రోలు ఇంజనుతో నడిచే వెల్డింగ్ మిషన్ పిలిపించారు.

అది తెల్లవారుతూనే లగేజీ ఆటోలో దిగింది. వెల్డర్ దాన్ని నాలుగు వైపులా తాళ్ళతో బిగించి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, పెట్రోలు కుళాయి కట్టేసి, దారి పొడవునా దాని మీద చెయ్యి వేసుకుని వచ్చాడట. నన్ను కాపురానికి తెచ్చినప్పుడు బస్సులో నిలబెట్టి తెచ్చారు. ఆ సంగతి నేనప్పుడు ఎవరికీ గుర్తు చేయలేదు.

మిషన్ దించగానే మామగారు తన మగ్గానికెక్కించాల్సిన పడుగును వీధిలో లాగించారు. మా ఇల్లు వీధిలో ఆఖరిది, అవతల గోడ. వీధి పొడవునా కర్రల మీద తెల్ల నూలు సాగదీసి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతారు. అది ఆరి, చుట్టేదాకా బండి కాదు కదా, కుక్క కూడా గోడవారగా ఒదిగి పోవాలి. ఆటో మా గుమ్మం ముందే ఉండిపోయింది.

వెల్డర్ ఇంజన్‌ను అరుగు పక్కన పెట్టబోయాడు.

"ఆడ వద్దప్పా, లోపల పెట్టుకో," అన్నారు మామగారు.

"పొగ వస్తాది పెద్దాయనా. ఇంజను బయటే ఉండల్ల. వైరు పొడుగ్గానే ఉండాది, లోపలికి లాక్కుంటా."

"పొగ వస్తాదనే సెప్తా ఉండా. తెల్ల నూలు, సూడు. మసి పడితే ఎవురు తీసుకుంటారు?"

మా ఆయన కల్పించుకుని, "లోపలే పెట్టన్నా, కిటికీలు తీసి పెడదాం," అన్నాడు. తగవు తీర్చబోయి రెండు పక్షాలనూ సగం సగం ఓడించడం ఆయనకు అలవాటు. వెల్డర్ తల గోక్కుని ఒప్పుకున్నాడు.

పని మొదలయ్యాక కిటికీల్లోంచి పొగ వచ్చి పడుగు వైపే తిరిగింది. మామగారు చూశారు. ఎవరితోనూ చెప్పకుండా బయటి నుంచి కిటికీ రెక్కలు మూసి, వీధి తలుపు కూడా దగ్గరికి లాగారు. లోపల వెల్డరూ, మా ఆయనా మొహానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని నిప్పురవ్వల వైపే చూస్తున్నారు. నూలు క్షేమంగా ఉంది. మనుషుల మాట ఆయనకు తట్టలేదు.

నేను వంటింట్లో ఉన్నాను. ఇంజన్ మోత వినిపిస్తూనే ఉంది గానీ వెల్డింగ్ చిటపటలు ఆగిపోయాయి. టీ కోసం ఆపారేమోనని గ్లాసులు పట్టుకుని వెళ్ళి నడిమి తలుపు తీశాను. వెల్డర్ గోడకు ఆనుకుని వాంతి చేసుకుంటున్నాడు. మా ఆయన పవర్‌లూమ్ పక్కన పడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

అంతకుముందు నేను భయమనుకున్నవన్నీ ఉత్త చికాకులని అప్పుడు తెలిసింది. ఆయన చంకల కింద చేతులు వేసి, "మామా, నీ కొడుకు!" అని అరుస్తూ వీధిలోకి ఈడ్చాను. వెల్డర్ తూలుతూ వెనకే వచ్చాడు. ఆటో డ్రైవర్ ఇద్దర్నీ బండిలోకి ఎక్కించి, పడుగు వైపు చూసి, "యాడికని పోయేది? దావ లేదే!" అన్నాడు.

పడుగును చుట్టి తీయాలంటే చాలామంది పట్టుకోవాలి, నిదానంగా చేయాలి. మామగారు నా వైపు చూడలేదు. మొలలోంచి నూలు కోసే కత్తి తీసి, తడి పడుగును అడ్డంగా కోసేశారు. బిగువు పోయి కర్రలు వరసగా వాలిపోయాయి, నూలంతా మట్టిలో పడింది. "పోనీ బండి!" అని అరుస్తూ, కర్రలు పక్కకు లాగేస్తూ, ఆటో ముందు పరిగెత్తారు.

ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. వెల్డర్ త్వరగానే తేరుకున్నాడు. మా ఆయన మధ్యాహ్నానికి గానీ కళ్ళు తెరవలేదు. ఎదురుగా ఉన్న నన్ను దాటి కాళ్ళ దగ్గర నిలబడిన తండ్రిని చూశాడు.

"నాయనా, పడుగుకు మసి తగిలిందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులుపుదామని నోరు తెరిచాను. ఈలోగా మామగారు, నూలు విషయంలో జన్మలో అబద్ధం ఆడని మనిషి, కొడుకు పాదం పట్టుకున్నారు.

"లేదబ్బా. తెల్లంగా ఉండాది," అని నా వైపు చూశారు.

"అవును, తెల్లంగానే ఉండాది," అన్నాను. మామగారూ నేనూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.